కష్టమైంది సబ్జెక్టా, టైంటేబులా: ఒక ఎంపీసీ కేసు

2023 మే రెండో వారం. పదో తరగతి ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. హనుమకొండలో నా గదికి ముగ్గురు వచ్చారు. పురుగుమందుల దుకాణం నడిపే తండ్రి, ఇంట్లో మిషను కుట్టే తల్లి, వాళ్లమ్మాయి సంధ్య. సంధ్య అసలు పేరు కాదు, ఊరి పేరు కూడా రాయను. వరంగల్‌కు గంట ప్రయాణంలో ఉన్న ఓ మండల కేంద్రం అనుకుంటే చాలు. ఈ కేసు రాసుకోవడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. రాసింది చదివి తండ్రి రెండు చోట్ల దిద్దాడు కూడా.

నేను జూనియర్ కాలేజీలో పద్దెనిమిదేళ్లు మ్యాథ్స్ చెప్పాను. ఇప్పుడు పదో తరగతి దాటిన పిల్లలకు ఇంటర్ గ్రూపు ఎంచుకోవడంలో సలహా ఇస్తుంటాను. ఎంపీసీ అంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. బైపీసీలో మ్యాథ్స్ బదులు బోటనీ, జువాలజీ. సీఈసీ అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. మే, జూన్ నెలల్లో రోజుకు నలుగురైదుగురు వస్తారు. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "ఏ గ్రూపు తీసుకుంటే మంచిది సార్?" ఈ కేసునే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో ఒక సంగతి సరిగ్గా పట్టుకున్నాను, ఇంకొకటి కళ్లముందే ఉన్నా వదిలేశాను. ఆ రెండోదానికి మూల్యం కట్టింది ఆ అమ్మాయి.

నాలుగు నోళ్లు, మూడు గ్రూపులు

సంధ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. జీపీఏ 9.7. నాలుగు సబ్జెక్టుల్లో ఏ1, గణితంలోనూ సైన్సులోనూ ఏ2. మెమో బల్ల మీద పెట్టి తండ్రి మొదలుపెట్టాడు.

"సీఈసీ చాలు సార్. ఇంటికాడ కాలేజున్నది. డిగ్రీ చేసుకుంటది, సర్కారు కొలువుకు గ్రూప్స్ పరీక్షలు రాసుకుంటది. పిల్ల సున్నితం."

తల్లికి బైపీసీ కావాలి. డాక్టర్ కాకపోయినా నర్సింగ్ అయినా వస్తుందని ఆమె ఆశ. పెదనాన్న ఫోన్‌లో ఉన్నాడు. ఆయన మాట మాత్రం ఎంపీసీ, అదీ హైదరాబాద్‌లో రెసిడెన్షియల్. ఫీజు హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా అరవై వేలు చెప్పారట, సగం తాను పెట్టుకుంటానన్నాడు.

అమ్మాయిని అడిగితే తల వంచుకుని, "బైపీసీ సార్. అండ్ల మ్యాథ్స్ ఉండదు గదా" అంది.

తల్లీ కూతుళ్లు ఒకే గ్రూపు పేరు చెప్పారు కాబట్టి ఒకే మాట మీద ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ తల్లి ఒకదాని కోసం బైపీసీ అడుగుతోంది, కూతురు ఒకదాని నుంచి తప్పించుకోవడానికి అడుగుతోంది. నా అనుభవంలో ఈ రెండో రకం ఎంపికే రెండేళ్ల తర్వాత ఎక్కువగా తిరగబడుతుంది. బైపీసీలో జువాలజీ, బోటనీ తేలికైనవేం కావు. మ్యాథ్స్ తప్పించుకోవడానికి వచ్చినవాళ్లకు అక్కడ ఇష్టపడి చదివేవాళ్లతో పోటీ. మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులకు సగం, అంటే 360, ఆ రెండు సబ్జెక్టులవే.

"మ్యాథ్స్ అంటే ఎందుకు భయం?" అని అడిగాను. జవాబు తండ్రి నుంచి వచ్చింది. "మా అన్న కొడుకు ఎట్ల తిరిగొచ్చిండో చూసినం సార్."

పెదనాన్న కొడుకు

అప్పటిదాకా జరిగిన చర్చంతా ఈ అబ్బాయి చుట్టూనే తిరుగుతోందని అప్పుడర్థమైంది. ఏడాది ముందు ఎంపీసీలో చేరాడు. రెసిడెన్షియల్ కాలేజీ, ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈకి తయారుచేసే బ్యాచ్. సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లనన్నాడు. మార్చిలో పరీక్షలకు మాత్రం కూర్చున్నాడు, మూడు పేపర్లు పోయాయి. అప్పటినుంచి బాబాయి దుకాణంలో డబ్బాలు సర్దుతున్నాడు. ఆ ఇంట్లో 'ఎంపీసీ' అనే మాటకు అర్థం ఆ అబ్బాయి ముఖం. చిత్రమేమిటంటే, కొడుకును అలా చూసిన పెదనాన్నే ఇప్పుడు తమ్ముడి కూతుర్ని కూడా అక్కడికే పంపమంటున్నాడు. కాలేజీ తప్పేం లేదు, వాడికే ఓపిక లేదు అని ఆయన తీర్మానం.

మరుసటి ఆదివారం ఆ అబ్బాయిని రమ్మన్నాను. వచ్చాడు. తిట్టడానికి పిలిచానేమో అనుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. నేనడిగింది ఒక్కటే: రోజంతా ఏం జరిగేదో గంటగంటకూ చెప్పు.

పొద్దున అయిదున్నరకు లేపేవాళ్లు. ఆరింటికి స్టడీ అవర్. రాత్రి పదింటిదాకా క్లాసులు, స్టడీ అవర్లు, మధ్యలో తిండి. ఆదివారం పరీక్ష. సోమవారం గోడ మీద ర్యాంకుల పట్టిక, దాన్నిబట్టి సెక్షన్ మార్పు. ఇంటర్ సిలబస్, దాని పైన జేఈఈ స్థాయి లెక్కలు, రెండూ ఒకేసారి.

"మ్యాథ్స్ అర్థం కాలేదని కాదు సార్. అర్థం చేసుకునే టైమే ఇయ్యలే" అన్నాడు.

నేను కేసు పుస్తకంలో మొదట రాసుకున్న వాక్యం ఇదే. మన దగ్గర పిల్లలూ తల్లిదండ్రులూ రెండు కష్టాలను ఒకే పేరుతో పిలుస్తారు. ఒకటి సబ్జెక్టు కష్టం: ప్రమేయం (ఫంక్షన్) అంటే ఏమిటో బుర్రకెక్కడం, అవధి (లిమిట్) అనే ఊహ లొంగడం. రెండోది ఏర్పాటు కష్టం: పదహారు గంటల టైంటేబులు, వారం వారం ర్యాంకు, ఇంటికి దూరం. మొదటిది సబ్జెక్టుతో పాటు వచ్చేదే. రెండోది ఎవరో పెట్టింది. అది లేకుండానూ ఎంపీసీ చదవొచ్చు, దశాబ్దాలుగా వేలమంది చదివారు, నేనూ అలాగే చదివాను. కానీ ఆ ఇంట్లో మ్యాథ్స్ అంటే హాస్టల్, హాస్టల్ అంటే ఆ అబ్బాయి. సంధ్య భయపడుతున్నది రెండోదానికి, వదులుకుంటున్నది మొదటిదాన్ని.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ ఏర్పాటు అందరినీ విరగ్గొడుతుందని నేననను. అందులో నిలబడి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలూ నా దగ్గరికి వచ్చారు. కానీ అది వేరే ఎంపిక, గ్రూపు ఎంపిక కాదు. రెండింటినీ విడివిడిగా అడగాలి.

రెండు నోటుబుక్కులు

మార్కులు చూసి సలహా ఇవ్వడం నేనెప్పుడో మానేశాను. పదిలో ఏ1 అంటే నేర్పిన లెక్కను నేర్పినట్టు చేయగలదని అర్థం. ఇంటర్ మ్యాథ్స్‌కు కావలసింది కొత్త లెక్క ముందు ఎంతసేపు కూర్చోగలదన్నది. అది మెమోలో ఉండదు.

అందుకని రెండు వారాలు గడువడిగాను. తెలుగు అకాడమీ పుస్తకాలు రెండు ఇచ్చాను, రెండూ తెలుగు మీడియంవే. ఒకటి మొదటి సంవత్సరం మ్యాథ్స్ 1ఏ, ఇంకొకటి బోటనీ. చెరొక కొత్త నోటుబుక్కు. షరతులు మూడే. రోజుకు రెండింటికీ చెరో ముప్పావు గంట. ఎవరి సాయమూ తీసుకోకూడదు. కొట్టివేతలు చెరపకూడదు.

1ఏ మొదటి అధ్యాయం ప్రమేయాలు. నేను దాన్ని కావాలనే ఇస్తాను. పదో తరగతి గణితానికి కొనసాగింపులా ఉండదు, ఒక్కసారిగా భాష మారిపోతుంది. అన్వేకం, సంగ్రస్తం అనే మాటలు, 'నిరూపించండి' అనే లెక్కలు. చాలామంది లెక్చరర్లు జూన్ నెలంతా దీనితో పిల్లల్ని బెదరగొట్టి, జూలైలో మాత్రికలు వచ్చాక మళ్లీ మచ్చిక చేసుకుంటారు. ఇది నిలబడి చదవగలిగితే మిగతా 1ఏ గురించి నాకు బెంగ ఉండదు.

రెండు వారాలకు నోటుబుక్కులు వచ్చాయి. బోటనీ నోటుబుక్కు చూడముచ్చటగా ఉంది. శీర్షికలు ఎర్ర ఇంకుతో, బొమ్మలు పెన్సిల్‌తో, ఒక్క కొట్టివేత లేదు. పుస్తకంలో ఉన్నదున్నట్టు దిగింది. ప్రశ్నలేమైనా వచ్చాయా అని అడిగితే, "లేవు సార్, మంచిగనే ఉన్నది" అంది.

మ్యాథ్స్ నోటుబుక్కు యుద్ధభూమిలా ఉంది. ఒకే లెక్క నాలుగు పేజీలు. ఒకచోట సగం దాకా పోయి అడ్డంగా గీత, పక్కన చిన్న అక్షరాలతో "ఇది రేపు". మరుసటి రోజు అదే లెక్క ఇంకోలా. అక్కడా తప్పే. మూడో రోజు వచ్చింది, చుట్టూ డబ్బా గీసుకుంది. తేదీలు కలిపి చూస్తే ఆ పద్నాలుగు రోజుల్లో ఆరు రోజులు ముప్పావు గంట దాటి కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. తల్లి చెప్పింది: "అన్నం తినుమంటే ఒక్క నిమిషం అంటది సార్, అరగంటైతది."

"మరి నీకు మ్యాథ్స్ వద్దన్నావుగా?"

"రాదు సార్ నాకు."

రాదు అంటూనే తిరిగి తిరిగి దాని దగ్గరికే పోయింది. ఈ తేడాను పిల్లలు తమంతట తాము గుర్తించలేరు. కొట్టివేతలున్న నోటుబుక్కు తమకు చేతకాలేదనడానికి సాక్ష్యమని బడిలో నేర్చుకుంటారు. నాకు మాత్రం అది ఎదురు సాక్ష్యం. పిల్లలకు కష్టమైన సబ్జెక్టు ఇవ్వొచ్చా లేదా అని చూడటానికి నా దగ్గరున్న కొలత ఇదొక్కటే: ఓడిపోయాక మర్నాడు దాని దగ్గరికి తనంతట తాను వెళుతుందా?

అదే నెలలో ఇంకో అబ్బాయికీ ఇదే పరీక్ష పెట్టాను. పదిలో గణితం ఏ1. మూడో రోజు నుంచి 1ఏ నోటుబుక్కు ఖాళీ. ఆ అబ్బాయికి ఎంపీసీ వద్దని చెప్పాను, వాళ్ల నాన్న నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు.

ఏ దారి మూసుకుపోతుంది

నోటుబుక్కుల తర్వాత కూర్చుని దారుల లెక్క వేశాం. తండ్రి వ్యాపారస్తుడు, ఈ భాగం ఆయనకు బాగా ఎక్కింది.

సీఈసీ తీసుకుంటే మ్యాథ్స్ అక్కడితో ఆగిపోతుంది. డిగ్రీలో బీఏ, బీకాం, తర్వాత గ్రూప్స్, సీఏ, లా, అన్నీ ఉంటాయి. మూసుకుపోయేవి ఇంజినీరింగ్, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ అడిగే ఎకనామిక్స్ ఆనర్స్ కోర్సులు. బైపీసీలో మెడిసిన్, అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ, ఫార్మసీ, నర్సింగ్. మూసుకుపోయేది దాదాపు ఇంజినీరింగ్ అంతా. బ్రిడ్జి కోర్సు మ్యాథ్స్ రాసి బయోటెక్నాలజీ లాంటి ఒకటి రెండు బీటెక్‌లలోకి వెళ్లే సందు మాత్రం ఉంది. ఎంఈసీ అంటే మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్. అందులో మ్యాథ్స్ పేపర్లు ఎంపీసీ వాళ్లవే, తేడా లేదు. ఇది చాలామందికి తెలియదు. ఎంఈసీ అంటే కామర్స్ గ్రూపు కదా, మ్యాథ్స్ తేలికగా ఉంటుందనుకుని చేరి బోల్తాపడతారు. ఎంపీసీలో మెడిసిన్, వెటర్నరీ, అగ్రికల్చర్ బీఎస్సీ, నర్సింగ్ బీఎస్సీ పోతాయి. మిగిలినవి దాదాపు అన్నీ ఉంటాయి, బీకాం, బీఏ, లా, సీఏతో సహా. ఫార్మసీ కూడా.

"అంటే ఎంపీసీ చదివి గ్రూప్స్ రాసుకోవచ్చునా?" అన్నాడు తండ్రి.

"డిగ్రీ ఏదైనా రాసుకోవచ్చు."

ఆయన కాసేపు ఆగి, "మరి సీఈసీ చదివి ఇంజినీరింగ్?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. దుకాణంలో స్టాకు తిరిగి పంపే లెక్క ఆయనకు తెలుసు. ఒక కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, ఇంకొకటి తీసుకోదు. ఎంపీసీలో చేరి ఆగస్టులో కుదరదనిపిస్తే అదే కాలేజీలో సీఈసీకి మారొచ్చు, ఎవరైనా సంతోషంగా మారుస్తారు. సీఈసీలో చేరి ఎంపీసీకి ఎక్కడం జరగదనే అనుకోవాలి. కాబట్టి సందేహం ఉంటే కష్టమైన వైపు నుంచి మొదలుపెట్టడం నష్టం తక్కువ బేరం.

అయితే ఈ వాదన ఒక్కదానిమీదే ఎవరినీ ఎంపీసీలో చేర్చకూడదు. "అన్ని దారులూ తెరిచి ఉంటాయి" అంటూ ఊళ్లకు ఊళ్లు పిల్లల్ని అందులో నింపేసింది ఈ మాటే. తెరిచిన దారుల్లో ఒక్కదానిలోనూ నడవలేని పిల్లాడికి అవి ఎన్ని ఉంటే ఏం? నోటుబుక్కు ముందు, దారుల లెక్క తర్వాత. వరుస తిప్పితే సలహా తప్పుతుంది.

చివరికి తేలింది ఇది. ఎంపీసీ. మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ, రోజూ ఇంటి నుంచి. ట్యూషన్ ఫీజు లేదు. జేఈఈ ఊసెత్తకూడదు. మీడియం ఇంగ్లీష్, కానీ ప్రతి సబ్జెక్టుకూ తెలుగు అకాడమీ పుస్తకాలు రెండు భాషల్లోవీ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇంగ్లీషులో చదవడం, ఆగినచోట తెలుగులో అదే పేరా చూడటం. ఆగస్టు 31న మళ్లీ కూర్చుంటాం, కుదరకపోతే అప్పుడు మార్చుకుంటాం.

పెదనాన్న ఫోన్ పెట్టేశాడు. లక్షా అరవై వేలు ఖర్చుపెట్టని చదువు మీద ఆయనకు గురి కుదరలేదు.

నేను వదిలేసింది

చేర్చేముందు ఆ కాలేజీకి స్వయంగా వెళ్లాను. మ్యాథ్స్ లెక్చరర్ ఉన్నారా, ఎన్నాళ్లుగా ఉన్నారు, బదిలీ ఎప్పుడు, అన్నీ అడిగాను. రెగ్యులర్ లెక్చరర్, మంచి పేరు. తృప్తిగా తిరిగొచ్చాను.

ఫిజిక్స్ గురించి అడగలేదు.

ఆ పోస్టు ఖాళీ. గెస్టు లెక్చరర్ ఆగస్టు మధ్యలో గాని రాలేదు. అది సగం సంగతే. మిగతా సగం తెలియకపోవడానికి నాకు సాకు లేదు, ఎందుకంటే పద్దెనిమిదేళ్లు నేను చూస్తూ ఉన్నదే. మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో మూడో అధ్యాయంలోనే అవకలనం (డిఫరెన్షియేషన్) కావాలి. తక్షణ వేగం అంటే స్థానభ్రంశాన్ని కాలంతో అవకలనం చేయడం. నాలుగో అధ్యాయానికి సదిశలు (వెక్టర్లు) కావాలి. మరి మ్యాథ్స్‌లో? మొదటి సంవత్సరం రెండో పేపరైన 1బి పుస్తకం బిందుపథంతో మొదలై, సరళరేఖలు, సరళరేఖాయుగ్మాలు, త్రిపరిమాణ జ్యామితి దాటి ఎనిమిదో అధ్యాయంలో అవధులకు, తొమ్మిదిలో అవకలనానికి వస్తుంది. క్యాలెండర్‌లో అది సంక్రాంతి ప్రాంతం. ఫిజిక్స్ జూలైలోనే అడుగుతుంది. పెద్ద కాలేజీల్లో ఫిజిక్స్ లెక్చరర్లు జూన్‌లో రెండు వారాలు 'బేసిక్ మ్యాథ్స్' చెప్పి ఈ గుంత పూడుస్తారు. లెక్చరరే లేని చోట పూడ్చేదెవరు?

ఆగస్టు 31 సమీక్షకు సంధ్య వచ్చింది. మ్యాథ్స్ గురించి ఉత్సాహంగా చెప్పింది. మాత్రికలు అయిపోయాయి, ఇంగ్లీషు మాటలు అలవాటవుతున్నాయి. సీఈసీకి మారే ప్రసక్తి ఎత్తితే నవ్వింది. నేను టిక్కు పెట్టి పంపేశాను. ఫిజిక్స్ అడిగితే, "చదువుతున్న సార్" అంది. ఆ మాట తీరులోనే నాకు తెలిసి ఉండాల్సింది. నేను పిల్లలతో గడిపింది నిన్నా మొన్నా కాదు.

డిసెంబర్‌లో రాత్రి తొమ్మిదింటికి తల్లి ఫోన్. "ఫిజిక్స్ బుక్కు తీస్తే ఏడుస్తున్నది సార్. సూత్రాలన్నీ బట్టీ కొడుతున్నది." మరుసటి రోజు వెళ్లి ఆ నోటుబుక్కు చూశాను. కొట్టివేతలు లేవు. శీర్షికలు ఎర్ర ఇంకుతో ఉన్నాయి. బోటనీ నోటుబుక్కు లాగే.

మూడు వారాలు, వారానికి రెండు రోజులు, నేనే కూర్చున్నాను. పుస్తకం తెరవలేదు. వాళ్ల నాన్న బండి మీద ఉన్న కిలోమీటర్ల మీటరు, స్పీడు ముల్లు, రెండింటికీ సంబంధమేమిటని మొదలుపెట్టాం. గంటలో నలభై కిలోమీటర్లు నడిస్తే సగటు నలభై, మరి స్పీడు బ్రేకర్ దగ్గర ముల్లు పది చూపించిందే, ఆ పది ఎక్కడిది? చిన్న చిన్న కాలవ్యవధుల్లోకి దిగుతూ పోయాం. ఘాతాల అవకలనం, సైన్, కొసైన్, అంతే. ఫిజిక్స్ మొదటి సంవత్సరానికి అంతకన్నా పెద్దగా అక్కర్లేదు. సదిశల్ని 1ఏలో అప్పటికే చదివేసింది, కానీ బలం, స్థానభ్రంశాల బిందు లబ్ధమే ఫిజిక్స్‌లో పని అని ఎవరూ చెప్పలేదు. చెప్పగానే, "గదేనా సార్ ఇది!" అని కోపంగా అంది. ఆ కోపం న్యాయమైనదే.

ఆలస్యమైంది. మొదటి సంవత్సరం ఫలితాల్లో 1ఏ 75కు 66, 1బి 58, కెమిస్ట్రీ 60కి 41, ఫిజిక్స్ 60కి 29. పాస్ మార్కు 21 కాబట్టి గండం గడిచింది, కానీ ఆ ఇంట్లో మళ్లీ పాత మాటలు లేచాయి. మేలో ఫిజిక్స్ ఇంప్రూవ్‌మెంట్ రాసింది, 47 వచ్చాయి. ఒక ఎండాకాలం పోయింది. నేను జూన్‌లో ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి ఉంటే పోయేది కాదు.

ఇప్పుడు ఎవరికి ఎంపీసీ చెప్పినా కాలేజీలో మొదట అడిగేది ఫిజిక్స్ లెక్చరర్ గురించి. చేరే ముందు మే నెలలో వారం రోజులు ఆ బండి మీటరు పాఠం నేనే చెప్పి పంపుతున్నాను.

రెండో ఏడు

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బాగా నడిచింది. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ పేరు అప్పటికి ఈఏపీసెట్ అయింది. ఇంటర్ మార్కులకు వెయిటేజీ తీసేయడంతో రెండు పరీక్షలూ రెండు దారులైపోయాయి. ఇంటర్ బోర్డు పేపర్లో ఏడు మార్కుల లెక్క అడుగడుగూ రాయాలి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 67.5 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కూర్చుని కొట్టివేసుకుంటూ సాధించే అమ్మాయికి ఈ రెండో ఆట ఇష్టం లేదు. నవంబర్ నుంచి ఆదివారాలు పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేయించాను. లెక్క వదిలేసి ముందుకు పోవడం నేర్పడానికి, లెక్క నేర్పడం కన్నా ఎక్కువ కష్టపడ్డాను.

ఈ ఏడాదిలో అనుకోనిది ఒకటి జరిగింది. 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు వచ్చాయి. చాలామంది పిల్లలు ఈ అధ్యాయాల్ని మార్కుల లెక్కన చూస్తారు, ఏడు మార్కుల ప్రశ్నలు ఇక్కడి నుంచి వస్తాయని. సంధ్య నాన్న ఖాతా పుస్తకాలు తీసి, మూడేళ్లలో ఏ వారం వాన పడ్డాక ఏ మందు ఎన్ని సీసాలు అమ్ముడైందో పట్టిక వేసుకొచ్చింది. పత్తికి పురుగు వచ్చే వారం ముందే చెప్పొచ్చా అని ఆమె ప్రశ్న. మూడేళ్ల లెక్కలతో చెప్పలేవని నేనన్నాను. "ఎన్నేళ్లయితే చెప్పొచ్చు?" అంది. జవాబు చెప్పాలంటే డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకం తియ్యాల్సి వచ్చింది.

ఇంకోటి. దుకాణంలో డబ్బాలు సర్దుతున్న పెదనాన్న కొడుకు 2024 మేలో సప్లిమెంటరీ కట్టాడు. పోయిన మూడు పేపర్లూ రాశాడు. చదివింది సంధ్య 1ఏ నోటుబుక్కులతో, దుకాణం గల్లా దగ్గర కూర్చుని. 1ఏలో 61 వచ్చాయి. జూన్‌లో అదే ప్రభుత్వ కాలేజీలో రెండో సంవత్సరంలో చేరాడు. నేను అతనికి సలహా ఏమీ ఇవ్వలేదు. అతను అడగనూ లేదు.

మళ్లీ అదే కుర్చీల్లో

2025 మేలో ఈఏపీసెట్ ర్యాంకు పద్దెనిమిది వేల పైచిలుకు వచ్చింది. స్టాటిస్టిక్స్ మీద మనసుతో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ప్రవేశ పరీక్ష కూడా రాసింది, సీటు రాలేదు. ఆ పరీక్షకు రెండేళ్ల ప్రత్యేక సాధన ఉండాలి, అయిదు నెలలతో అయ్యేది కాదని ముందే చెప్పాను. రాయడం వల్ల నష్టం లేదని రాయించాను. ఫలితం వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. నష్టం లేదన్న నా మాట పూర్తిగా నిజం కాదు.

జూన్‌లో ముగ్గురూ మళ్లీ నా గదిలో. ఈసారి వాదన తిరగబడింది. రెండేళ్ల కింద సీఈసీ చాలన్న తండ్రే ఇప్పుడు, "ఇంత కష్టపడి బీఎస్సీనా సార్? బీటెక్‌ల కంప్యూటర్ సైన్స్, సీఎస్ఈ వస్తది గదా" అంటున్నాడు. సంధ్యకు కావలసింది హైదరాబాద్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్‌లో మొదటి ఆప్షన్ అదే పెట్టుకుంది.

తండ్రి మాట తీసిపారేయదగ్గది కాదు. బీటెక్‌కు ఉద్యోగాల మార్కెట్‌లో ఉన్న విలువ బీఎస్సీకి లేదు, ఉందని చెబితే అబద్ధం. అయితే వచ్చే సీటు ప్రైవేటు కాలేజీలో. ర్యాంకు పది వేలు దాటితే వాళ్లలాంటి బీసీ కుటుంబానికి ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేల వరకే, పైది చేతి నుంచి కట్టాలి. బీఎస్సీ అయితే మూడేళ్ల తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. ఐఎస్ఐలోనే స్టాటిస్టిక్స్ పీజీ ఎంస్టాట్‌కు మళ్లీ ప్రయత్నించొచ్చు. రెండు వైపులా కాగితం మీద రాసి ఇచ్చాను. ఏది చేయాలో చెప్పమన్నాడు. చెప్పలేదు. గ్రూపు ఎంచుకున్నప్పుడు పదిహేనేళ్ల పిల్ల, అప్పుడు నేను కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు పదిహేడు, తన సబ్జెక్టు ఏదో నాకన్నా తనకే బాగా తెలుసు.

తండ్రి పన్నెండు రోజులు ఆలోచించాడు. దోస్త్ సీటు ఖరారు చేసుకునే చివరి రోజు సాయంత్రం ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయించి నాకు ఫోన్ చేశాడు. ఒప్పుకున్నట్టు చెప్పలేదు. హాస్టల్లో చేర్చేముందు ఆ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్ రెగ్యులరేనా, గెస్టా, ఎవరినడిగితే తెలుస్తదని అడిగాడు.